బీపీ మీద, రీహాబ్ పరికరాల మీద పరిశోధన: మళ్లీ బీటెక్ చదవాలా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నాను. నాన్నకు చాలా ఏళ్లుగా బీపీ ఉంది. ఒంట్లో బాగానే ఉందని గోలీలు మానేశారు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నాకు రీహాబిలిటేషన్ పరికరాల మీద పరిశోధన చెయ్యాలని ఉంది. బీపీ చికిత్స మీదా అంతే ఆసక్తి. మా బంధువులేమో ‘అవి డాక్టర్లు, ఇంజినీర్లు చేసే పనులు, నువ్వు క్లినిక్ పెట్టుకో’ అంటున్నారు. మళ్లీ బీటెక్ చదవాలా? రెండింట్లో ఏది ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, మళ్లీ బీటెక్ అక్కర్లేదు. రెండింట్లో ఒకటి వదులుకోవాల్సిన పనీ లేదు. వేర్వేరు దారులని నువ్వు అనుకుంటున్నవి రెండూ మీ ఇంట్లోనే కలిశాయి కదా. బీపీ అదుపు తప్పింది, పక్షవాతం వచ్చింది, నడకకు కర్ర కావలసి వచ్చింది.

ముందు మీ బంధువుల మాట సంగతి చూద్దాం. హైదరాబాద్ డీఆర్‌డీఓలో క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకరు చేతిలోకి తీసుకుని చూశారు. చూసి, అబ్దుల్ కలాం గారిని తన వార్డుకు పిలుచుకెళ్లారు. అక్కడ పిల్లలు 3 కిలోలకు పైగా బరువుండే లోహపు క్యాలిపర్లతో (బలహీనమైన కాళ్లకు ఆసరాగా కట్టే చట్రాలతో) కాళ్లీడుస్తున్నారు. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల క్యాలిపర్లు వచ్చాయి. పదార్థం ఇంజినీర్ల దగ్గర ముందునుంచీ ఉంది. దాని అవసరం ఎవరికో తెలిసిన మనిషి మాత్రం వార్డులోంచి వచ్చారు. పడిపోయిన చేతికి వ్యాయామం చేయించే ‘ప్లూటో’ అనే చిన్న రోబోను కూడా ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసే తయారుచేశాయి. రోగి చెయ్యి ఎక్కడ బిగుసుకుంటుందో, ఏ కోణం దాటితే నొప్పి పుడుతుందో రోజూ చూసే ఫిజియో లేకుండా అలాంటి పరికరాన్ని పరీక్షించడం కుదరదు.

పరిశోధనలోకి వచ్చే ముందు నువ్వు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మనం గట్టిగా నమ్మినదే పరీక్షలో నిలబడకపోవచ్చు. పక్షవాతం రోగి ఇంట్లో ఒకరికి శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయిస్తే కోలుకోవడం మెరుగవుతుందా అని మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో ‘అటెండ్’ అనే ప్రయోగం జరిగింది. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, అలా శిక్షణ ఇచ్చిన గుంపులోనూ ఇవ్వని గుంపులోనూ 47 శాతమే. థెరపిస్టులు తక్కువగా ఉన్న మన పల్లెలకు ఇదే దారి అని ఆశపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఫలితం చదివి బాధపడ్డాను. కానీ ఆ ప్రయోగమే జరగకపోతే, పని చెయ్యని పద్ధతిని ఊరూరా అమలు చేసేవాళ్లం.

బీపీ వైపూ ఇదే జరిగింది. కిడ్నీకి వెళ్లే రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, చుట్టూ ఉన్న నరాలను కాల్చితే బీపీ తగ్గుతుందని మొదట్లో చాలా ఉత్సాహపడ్డారు. 2014లో 535 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు నిజంగా చికిత్స చేశారు, రెండో గుంపుకు చేసినట్టు నటించారు. ఆరు నెలలకు బీపీలో పై సంఖ్య మొదటి గుంపులో సుమారు 14, రెండో గుంపులో 12 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది. పరిశోధకులు అక్కడితో ఆపెయ్యలేదు. పరికరాన్ని, పద్ధతిని మార్చి మళ్లీ ప్రయోగాలు చేశారు. చివరికి 2023 నవంబరులో ఆ చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంత ఓపిక ఉందా అని నిన్ను నువ్వు అడుగు.

ఇక నీ చదువుకు బాగా దగ్గరగా ఉన్న అంశం చెబుతాను. పిడికిలి బిగించి పట్టుకోవడం, గోడకు వీపు ఆనించి కుర్చీ వేసినట్టు కూర్చోవడం లాంటి కదలిక లేని వ్యాయామాలు బీపీని తగ్గిస్తాయి. 270 ప్రయోగాలను కలిపి 2023లో వేసిన లెక్కలో అన్ని రకాల వ్యాయామాల కన్నా ఇవే ముందున్నాయి. పై సంఖ్య సగటున 8 దాకా తగ్గింది. గ్రిప్ బలం కొలిచే పరికరం మీ డిపార్ట్‌మెంట్‌లో ఉండే ఉంటుంది. గోలీలు మానేసిన మనిషి వ్యాయామమైనా మానకుండా చేస్తాడా? పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది ఎంతవరకు క్షేమం? ఇవి ఫిజియోలే తేల్చాల్సిన ప్రశ్నలు. అసలు గోలీలు ఎందుకు మానేస్తారన్నదీ పరిశోధనే. 2017 చివర్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ రిజిస్టర్లు ఎలా రాస్తారో అడిగి చూడు.

అయితే మొదటి ప్రాజెక్టుగా ఇంత పెద్దది పెట్టుకోవద్దు. బీపీ గోలీలు వేసుకుంటున్న పక్షవాతం రోగిని టిల్ట్ టేబుల్ (పడుకున్న మనిషిని మెల్లగా నిలువుగా లేపే బల్ల) మీద నిలబెట్టిన మొదటి 3 నిమిషాల్లో బీపీ ఎంత పడుతోందో కొలువు. పై సంఖ్య 20 గానీ కింది సంఖ్య 10 గానీ తగ్గితే జాగ్రత్తపడాలి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. మీ గైడ్‌తో మాట్లాడి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని మొదలుపెట్టు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పెట్టిన ‘హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్’ పాఠాలు ఉచితం, ఈ సెలవుల్లో పూర్తిచెయ్యి.

ఆ తర్వాత న్యూరో ఎంపీటీ (నరాల జబ్బుల ఫిజియోథెరపీలో పీజీ), ఆపైన పీహెచ్‌డీ. కాలేజీ పేరు కన్నా గైడ్ ఇప్పటిదాకా ఏం ప్రచురించారో ముందు చూడు. అటెండ్ నడిపిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది, ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు గమనిస్తూ ఉండు. డబ్బు సంగతీ దాచను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, అదీ పోటీ దాటాక. క్లినిక్ పెడితే ఇంతకన్నా ముందే నిలదొక్కుకోవచ్చు. ఇంటి అప్పులు ఒత్తిడి పెడుతుంటే ఎంపీటీ తర్వాత రెండేళ్లు ఆస్పత్రిలో పనిచేసి పీహెచ్‌డీకి వెళ్లు, ఆ అనుభవం వృథా కాదు. విదేశీ చదువుకు ఇప్పుడే అప్పు చెయ్యొద్దు.

ఒక పని మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు. నాన్నగారి బీపీని వారం రోజులు పొద్దునా సాయంత్రం కొలిచి నోట్‌బుక్‌లో రాయి. టీ తాగిన అరగంట దాకా ఆగు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా 5 నిమిషాలు కూర్చోబెట్టు. మాట్లాడనివ్వకు. చేతికి చుట్టే కఫ్ పట్టీ చిన్నదైతే సంఖ్య ఎక్కువ చూపిస్తుంది, చేతి లావుకు సరిపోయేది చూసుకో. పడిపోయిన కుడి చేతికి కాకుండా ఎడమ చేతికి కట్టు. ఆ నోట్‌బుక్ పట్టుకుని ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.