మొక్క పురుగును ‘తింటుంది’ అనవచ్చా?

సందేహం: అచ్చంపేట వైపు ఒక చెరువు శిఖంలో మా పిల్లలు చిన్న ఎర్రటి మొక్కను చూశారు. డ్రోసెరా అని తేలింది. బడి గోడపత్రికలో దీని గురించి రాయాలి. ‘కీటకాహార మొక్క’, ‘కీటకాహారి మొక్క’, ‘మాంసభక్షక మొక్క’ – వీటిలో ఏది సరి? పురుగును ‘తింటుంది’, ‘మింగుతుంది’ అనవచ్చా? ఆకు మీది ఎర్రటి కాడలను వెంట్రుకలనాలా? కుండీలో పెట్టి బోరు నీళ్లు పోసినవి ‘కుళ్లిపోయాయి’ అని రాశాం, సరేనా?
– ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: ‘ఆహారం’ తినే పదార్థం, ‘ఆహారి’ తినే ప్రాణి. శాకాహార భోజనం అంటాం గానీ శాకాహారి భోజనం అనం. ఆ లెక్కన మొక్కకు ‘కీటకాహారి’ సూటిగా నప్పుతుంది. ‘కీటకాహార మొక్క’ కూడా తప్పు కాదు. కీటకాలు ఆహారంగా గలది అని బహువ్రీహిగా విప్పుకోవచ్చు. ‘సరసము + మాట = సరసపు మాట’ లాగా ‘కీటకాహారపు మొక్క’ కావాలి కదా అని ఎవరైనా అడిగితే, ఆ పుంప్వాదేశం (‘ము’ స్థానంలో ‘పు’ రావడం) విశేషణం, విశేష్యం కలిసే కర్మధారయానికి చెప్పింది, ఇక్కడికి రాదు. పాఠ్యపుస్తకాల్లో అలవాటైన రూపమే పిల్లలకు ఉంచండి.

‘మాంసభక్షక’ మాత్రం వద్దు. భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం అని మనవాళ్లు తినే తీరును బట్టి విడదీశారు. భక్ష్యం కొరికి నమిలేది, చోష్యం పీల్చుకునేది. ఈ మొక్కకు కొరకడం, నమలడం లేవు. పురుగును తన ఆకు మీదే కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది.

నాకు అసలు చిక్కుగా కనబడేది ‘ఆహారం’ అన్న మాటే. పిల్లలు దాన్ని పట్టుకుని ‘ఈ మొక్కలో పత్రహరితం లేదు, అందుకే పురుగులను తిని బతుకుతుంది’ అని పరీక్షలో రాసేస్తారు. అది తప్పు. ఎర్రటి రంగు కింద పత్రహరితం ఉంది, అన్ని పచ్చని మొక్కల్లాగే ఎండలో తన పిండిపదార్థాన్ని తానే చేసుకుంటుంది. పురుగు నుంచి దానికి కావలసింది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. వానలకు సారం కొట్టుకుపోయిన ఇసుక పాలు ఎక్కువ ఉన్న చెల్క నేలల్లో, ఊట తడి నిలిచే చోట ఈ రెండూ తక్కువ. అక్కడ పెద్ద గడ్డి ఏపుగా పెరగదు, ఈ చిన్నదానికి ఎండా చోటూ దొరుకుతాయి. కాబట్టి ‘పురుగును తింటుంది’ అని వాడుకగా రాసినా, పక్కనే ‘పురుగు నుంచి నత్రజని తీసుకుంటుంది’ అన్న వాక్యం తప్పక ఉండాలి.

‘మింగుతుంది’, ‘ఆకు మూసుకుని పట్టేస్తుంది’ అన్నవి రెండూ కొట్టేయండి. ఆకు తలుపులా మూసుకునేది వీనస్ ఫ్లైట్రాప్, అది అమెరికా మొక్క. డ్రోసెరాలో జరిగే వరుస ఇది: చిన్న దోమో చీమో జిగురు చుక్కకు అంటుకుంటుంది. పెనుగులాడిన కొద్దీ మరిన్ని చుక్కలు అంటుకుంటాయి. చుట్టూ ఉన్న కాడలు దాని మీదికి వంగుతాయి. ఆకు అంచున ఉండే పొడవాటి కాడలు కొన్ని జాతుల్లో సెకన్లలోనే వంగుతాయి. తర్వాత కాడల కొనల్లోని గ్రంథులు ఎంజైములను వదులుతాయి, మెత్తటి భాగం కరుగుతుంది, ఆ ద్రవం ఆకులోకి ఇంకుతుంది. పైపెంకు ఖాళీగా ఆకు మీదే మిగులుతుంది. అంటించుకోవడం, వంగడం, కరిగించడం, పీల్చుకోవడం – ఈ నాలుగు క్రియలు చాలు.

ఆ కాడలు వెంట్రుకలు కావు. మొక్క వెంట్రుక బాహ్యచర్మం నుంచి మాత్రమే పుడుతుంది. డ్రోసెరా కాడ లోపల దారువు (నీటిని మోసే కణజాలం) కూడా ఉంటుంది, కొనన గ్రంథి ఉంటుంది. ముల్లు అసలే కాదు. ‘స్పర్శకం’ అనండి, తాకిడికి కదులుతుంది గనుక మాటా సరిపోతుంది. మొదటిసారి వాడినప్పుడు ‘కొనన జిగురు చుక్క ఉన్న సన్న కాడ’ అని విప్పి చెప్పండి.

కుండీలోవి కుళ్లలేదు, మాడిపోయాయి. బోరు నీళ్లలోని లవణాలు ఈ సన్నని వేళ్లకు పడవు, ఎరువు వేస్తే ఇంకా త్వరగా చస్తాయి. వాన నీళ్లో డిస్టిల్డ్ వాటరో కావాలి, మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎండ బాగా తగలాలి. అయినా ఇవి ఎక్కువగా ఏకవార్షికాలు, గింజ రాల్చి ఎండిపోతాయి. పెరికి తేవడం మానేసి, పిల్లలను శిఖం దగ్గరికే తీసుకెళ్లి భూతద్దంతో చూపించండి.

జాతి పేరు కూడా సరిచూడండి. నేలకు అతుక్కుని రూపాయి బిళ్లంత గుండ్రంగా, కొన వెడల్పు ఆకులతో, ఆకుల్లేని కాడ మీద తెల్లటి పూలతో ఉంటే డ్రోసెరా బర్మన్నీ. నిటారుగా లేచి, సన్నటి పొడవాటి ఆకులతో ఉంటే డ్రోసెరా ఇండికా. ‘బర్మన్నీ’ని ‘బర్మా డ్రోసెరా’ అని తెనిగించకండి. అది దేశం పేరు కాదు. జోహన్నెస్ బర్మన్ అనే డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద పెట్టిన లాటిన్ షష్ఠీ రూపం, అంటే ‘బర్మన్ యొక్క’ అని. ‘ఇండికా’ మాత్రం దేశాన్నే చెబుతుంది, ఆ పేరు లిన్నేయస్ 1753లో పెట్టింది.