జపనీస్ తెలుగుకు సోదర భాషేనా?

సందేహం: మా మేనల్లుడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. జపనీస్ వాక్యం అచ్చం తెలుగు వాక్యంలాగే నడుస్తుందని అంటాడు. జపనీస్ తమిళం నుంచి పుట్టిందని జపాన్ పండితుడే తేల్చాడని కూడా విన్నాను. మా గ్రంథాలయ వార్షిక సంచికకు రాస్తున్న వ్యాసంలో 'జపనీస్ తెలుగుకు సోదర భాష' అని రాశాను. ఆ మాట వాడవచ్చా?

సమాధానం: వాడకండి. ఒకే తల్లి భాష నుంచి విడిపోయిన భాషలనే మనం సోదర భాషలంటాం. కన్నడం, తమిళం, గోండి, కువి, కొలామి తెలుగుకు సోదర భాషలు. జపనీస్‌కు మనతో అలాంటి చుట్టరికం ఉందని ఇప్పటివరకు రుజువు కాలేదు.

మీ మేనల్లుడు చెప్పిన పోలిక మాత్రం నిజమే. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, విభక్తి ప్రత్యయం నామం తర్వాతే చేరుతుంది. 'తిని చూడు' అన్నట్టే వాళ్ళు 'తబెతె మిరు' అంటారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనం 'వెళ్ళొస్తాను' అంటాం. వాళ్ళు 'ఇత్తె కిమసు' అంటారు, అక్షరాలా 'వెళ్ళి వస్తాను' అనే. ఇది మొదటిసారి విన్న తెలుగువాళ్ళకి సంతోషం కలగడం సహజం.

అయితే కొరియన్ వాళ్ళూ 'తిని చూడు' అనే అంటారు. క్రియ చివర పెట్టడం తుర్కీ, మంగోలియన్ భాషల్లోనూ ఉంది. అంత దూరం ఎందుకు, హిందీలో 'ఖాకర్ దేఖో' అనరా? హిందీ వాక్యాన్ని దాదాపు పదానికి పదం పెట్టి తెలుగు చేయవచ్చు. అయినా హిందీది ఇండో-యూరోపియన్ కుటుంబం, మనది ద్రావిడ కుటుంబం. వాక్య నిర్మాణం పక్కపక్కన బతికిన భాషల మధ్య అటూ ఇటూ పాకుతుంది. పైగా క్రియ చివర వచ్చే భాషల్లో మిగతా లక్షణాలు కూడా చాలావరకు దాని వెంటే వస్తాయి. అందుకే చుట్టరికం తేల్చడానికి అది చాలదు.

మాటల పోలిక కూడా ఒంటరిగా చాలదు. జపనీస్ 'అరిగతొ', పోర్చుగీసు 'ఒబ్రిగాదు' రెండూ కృతజ్ఞత చెప్పే మాటలే. ఒకటి రెండోదాని నుంచి వచ్చిందని చాలామంది నమ్ముతారు. పోర్చుగీసులు జపాన్ చేరింది 1543లో. 'అరిగతొ' మూలరూపం అంతకు 500 ఏళ్ళ ముందటి జపనీస్ రచనల్లోనే ఉంది. అది వట్టి కాకతాళీయం. ఇక అరువు మాటలు అసలే లెక్కలోకి రావు. జపనీస్ నిఘంటువు నిండా చైనా నుంచి వచ్చిన మాటలున్నా జపనీస్ చైనీస్‌కు బంధువు కాదు. తెలుగులో సంస్కృత పదాలు చూసి తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని మనవాళ్ళూ చాలాకాలం నమ్మారు. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి 1816లో రాసిన ఉపోద్ఘాతంలో మద్రాసు కలెక్టర్ ఎల్లిస్, దేశ్య పదాల ధాతువులను తమిళ కన్నడాలతో పోల్చి చూపించాకే ఆ నమ్మకం కదిలింది.

మరి రుజువు ఏది? ధ్వనులు ఒక నియమం ప్రకారం మారడం. తెలుగు పాలు, పులి, పువ్వు, పది కన్నడంలో హాలు, హులి, హూవు, హత్తు. ఒకటి రెండు మాటల్లో కాదు, మాట తర్వాత మాటలో మన పకారం ఉన్నచోట కన్నడంలో హకారం కనిపిస్తుంది. హళగన్నడ (పాత కన్నడ) శాసనాలు చూస్తే అక్కడా పకారమే ఉండేదని తెలుస్తుంది. ఇలాంటి క్రమం కాకతాళీయంగా ఏర్పడదు.

విశేషమేమిటంటే జపనీస్‌లోనూ ఇదే మార్పు జరిగింది. పువ్వు జపనీస్‌లో 'హన', దక్షిణాన మియాకో దీవిలో 'పన'. పన్ను 'హ', మియాకోలో 'పా'. ఎముక 'హొనె', మియాకోలో 'పుని'. చివరి జతలో అచ్చులు కూడా చూడండి: ఒకారం ఉకారమైంది, ఎకారం ఇకారమైంది. ఒకినావా భాషలోనూ ఇదే క్రమం ఉంది. బియ్యం 'కొమె' అక్కడ 'కుమి', వాన 'అమె' అక్కడ 'అమి', మనసు 'కొకొరొ' అక్కడ 'కుకురు'. జపనీస్‌కు నిస్సందేహంగా సోదర భాషలంటే ఇవే, ర్యుక్యు దీవుల భాషలు. వీటిని వట్టి మాండలికాలుగా చూసి, బడిలో మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వేలాడదీసిన కాలం ఒకినావాలో ఉంది. 2009లో యునెస్కో వీటిలో ఆరింటిని అంతరించే ప్రమాదమున్న భాషలుగా లెక్కించింది. జపనీస్ బంధువుల కోసం దూరతీరాలు వెతికేవాళ్ళు ముందు వీటి గురించి మాట్లాడాలని నా గట్టి అభిప్రాయం.

మీరు విన్న పండితుడు సుసుము ఓనో. గకుషుయిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ప్రాచీన జపనీస్‌లో పెద్ద ప్రామాణికుడు. 1980 ప్రాంతం నుంచి ఆయన తమిళ, జపనీస్ పదాలను జతచేసి దాదాపు 500 పోలికలు చూపించారు. 'పొంగలో పొంగల్' కేకను, జపాన్‌లో జనవరి 15 పండుగనాడు కొన్ని ప్రాంతాల్లో వినిపించే 'హొంగ హొంగ' కేకతో పోల్చారు. తరవాత వాదం మార్చుకుని, వరి సాగుతోపాటు తమిళం జపాన్ చేరి అక్కడి భాషతో కలిసిందన్నారు. ఆయన శ్రమను గౌరవించాలి, కానీ ఆ వాదం నిలబడలేదు. వరి సాగు జపాన్‌కు కొరియా ద్వీపకల్పం మీదుగా చేరిందని తవ్వకాలు చెబుతున్నాయి.

నాకు అంతకంటే పెద్ద లోపంగా కనిపించేది మరొకటి. ద్రావిడ కుటుంబంతో పోల్చాలంటే ముందు తెలుగు, గోండి, కుడుఖ్, బ్రాహుయి అన్నీ చూసి మూల ద్రావిడ రూపం కట్టాలి. తమిళం ఒక్కటే చాలదు. 'చెవి' తెలుగులో, తమిళంలో చకారంతో ఉంది. కన్నడ 'కివి'ని చూస్తే మొదట్లో అది కకారమని తెలుస్తుంది. తమిళ చకారాన్నే పట్టుకుని సముద్రాలు దాటితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అంకెలు చూసినా అంతే. ప్రాచీన జపనీస్‌లో ఒకటి 'పితొ', రెండు 'పుత'. మూడు 'మి', ఆరు 'ము'. నాలుగు 'యొ', ఎనిమిది 'య'. హల్లులు అలాగే ఉంచి అచ్చు మారిస్తే సంఖ్య రెట్టింపు అవుతోంది! ఎంత అందమైన ఏర్పాటో. ద్రావిడ అంకెల్లో దీని జాడ కూడా లేదు.

కొరియన్‌తో చుట్టరికం మాటేమిటి? బ్రిటిష్ దౌత్యవేత్త ఆస్టన్ 1879లోనే ఈ పోలిక మొదలుపెట్టాడు. 1910లో కనజవ షొజబురో రెండూ ఒకే మూలానివని పుస్తకం రాశాడు. అదే ఏడాది జపాన్ కొరియాను కలిపేసుకుంది, ఆ ఆక్రమణను సమర్థించడానికి ఈ వాదం పనికొచ్చింది. భాషల చుట్టరికం రాజకీయాల చేతిలో పడితే ఎంత ప్రమాదమో అక్కడ చూడాలి. 1966లో శామ్యూల్ మార్టిన్ 320 పదాలతో శాస్త్రీయంగా పోల్చాడు. తుర్కీ, మంగోలియన్లను కూడా కలిపి ఆల్టాయిక్ కుటుంబమని కొందరన్నారు. మొదట దాన్ని సమర్థించిన అలెగ్జాండర్ వొవిన్, తరవాత ఆ పోలికలు చాలావరకు అరువులో, పొరపాట్లో అని చెప్పి బయటికి వచ్చేశాడు. 2021లో ఈశాన్య చైనాలోని పశ్చిమ ల్యావ్ నది లోయ చిరుధాన్యాల రైతులతో ఈ భాషలన్నీ వ్యాపించాయన్న వాదం వచ్చింది, దానికీ గట్టి విమర్శలు వచ్చాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు మాట్లాడే ఆస్ట్రోనేషియన్ భాషలతో కలిపే వాదం కూడా ఉంది. ఆధారాలు పలచన కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

ఒక్క ఆధారం మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. 1145 నాటి కొరియా చరిత్ర గ్రంథం 'సంగుక్ సగి'లో పాత ఊళ్ళ పేర్లున్నాయి. వాటిలో మూడుకు 'మిల్', ఏడుకు 'ననున్', పదికి 'తొక్' వంటి మాటలు దొరుకుతాయి. జపనీస్‌లో అవి మి, నన, తొవొ. జపనీస్‌కు దగ్గరి భాష ఒకటి ఒకప్పుడు కొరియా గడ్డమీద ఉండేదనడానికి ఇది బలమైన ఆధారం.

మీ వ్యాసంలో 'జపనీస్ వాక్య నిర్మాణంలో తెలుగును పోలిన భాష' అని రాయండి, అందులో తప్పు లేదు. సోదర భాషల గురించి ఒక పేరా రాయదలచుకుంటే తమిళంతో ఆపేయకండి. గోండి, కువి, కొండ భాషలు తెలుగుకు తమిళం కంటే దగ్గరివి, మూడూ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడో ఒకచోట మాట్లాడేవే.