ఎస్‌ఈసీ గొప్పా, బిగ్ టెన్ గొప్పా?

ప్రశ్న: మా అబ్బాయి ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో, మా తోడల్లుడి కూతురు ఒహాయో స్టేట్‌లో చదువుతున్నారు. ఇద్దరూ కలిస్తే చాలు, మా ఎస్‌ఈసీ గొప్ప అంటే మా బిగ్ టెన్ గొప్ప అని ఒకటే వాదన. ఫుట్‌బాల్ ఒక్కటే కాకుండా అన్ని ఆటలూ కలిపి చూస్తే ఏది బలమైనదో ఎలా తేల్చాలండీ?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఇండియాలో చదివేవాళ్ల కోసం ముందు ఒక్క మాట. ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్), బిగ్ టెన్ అనేవి కాలేజీ ఆటల కాన్ఫరెన్స్‌లు. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు (ఇక్కడ స్కూల్ అన్నా యూనివర్సిటీయే) కలిసి కట్టుకున్న గుంపు, సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు, టీవీ డబ్బులు కలిపి తెచ్చుకుని పంచుకుంటారు. మన దులీప్ ట్రోఫీలో సౌత్ జోన్, వెస్ట్ జోన్ అని టీమ్‌లు దిగినట్టు ఇక్కడ కాన్ఫరెన్స్ పేరు మీద ఏ టీమూ దిగదు. కాబట్టి ఇది గ్రౌండ్‌లో తేలే విషయం కాదు, లెక్కల్లో తేల్చాల్సిందే, ఏ లెక్క తీసుకోవాలి అన్న దగ్గరే పేచీ అంతా.

మీ అబ్బాయి తరఫున చెప్పాలంటే చాలానే ఉంది. ఫుట్‌బాల్‌లో (ఇది అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్‌ని ఇక్కడ సాకర్ అంటారు) 2006 నుంచి 2012 దాకా వరుసగా ఏడు సీజన్లు జాతీయ చాంపియన్ ఎస్‌ఈసీ నుంచే వచ్చింది. బేస్‌బాల్‌లో 2019 నుంచి 2025 దాకా, కోవిడ్ వల్ల ఆగిపోయిన 2020 తప్ప, వాండర్‌బిల్ట్, మిసిసిపీ స్టేట్, ఓల్ మిస్, ఎల్‌ఎస్‌యూ, టెనెసీ, మళ్లీ ఎల్‌ఎస్‌యూ, అన్నీ ఆ గుంపువే. 2025లో మగవాళ్ల బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌కి ఎస్‌ఈసీ 16 స్కూళ్లలో 14 వెళ్లాయి, అంతకుముందు రికార్డు బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్‌ది, 2011లో 11, చివరికి టైటిల్ కూడా ఫ్లోరిడానే కొట్టింది. నాకు టైటిల్ కన్నా ఆ 14 అనే అంకే ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక్క స్కూల్ గొప్పగా ఆడితే అది ఆ స్కూల్ గొప్ప, మధ్యలో ఉన్న స్కూళ్లు కూడా గట్టిగా ఉంటేనే కాన్ఫరెన్స్ గొప్ప.

ఇక ఆ అమ్మాయి వైపు. ఫుట్‌బాల్‌లో 2023 సీజన్ మిషిగన్‌ది, 2024 సీజన్ వాళ్ల ఒహాయో స్టేట్‌దే, అంటే అక్కడ కూడా ఎస్‌ఈసీ పట్టు సడలింది. రెజ్లింగ్ అయితే అడగక్కర్లేదు, 2007 నుంచి 2025 దాకా జరిగిన ప్రతి టోర్నమెంట్‌లోనూ టీమ్ టైటిల్ బిగ్ టెన్ స్కూల్‌కే, అందులో ఎక్కువ పెన్ స్టేట్‌వి. ఎస్‌ఈసీలో రెజ్లింగ్ పోటీయే పెట్టరు, ఆ ఆట ఉన్న మిజోరి, ఓక్లహోమా దానికోసం బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో ఆడుకుంటాయి. ఎస్‌ఈసీలో మగవాళ్ల సాకర్ కూడా లేదు, ఐస్ హాకీ లేదు, ఆడపిల్లల ఫీల్డ్ హాకీ లేదు. ఆడపిల్లల వాలీబాల్‌కి నెబ్రాస్కాలో 2023 ఆగస్టు 30న ఫుట్‌బాల్ స్టేడియంలో 92,003 మంది వచ్చారు, అదీ బిగ్ టెన్ ఊళ్లలో ఆ ఆటకున్న గౌరవం.

అన్నీ కలిపి చూసే లెక్క ఒకటుంది, డైరెక్టర్స్ కప్ అంటారు, 1993-94లో మొదలైంది. లెక్కలోకి తీసుకునే ప్రతి ఆటలో జాతీయ స్థాయిలో వచ్చిన స్థానానికి పాయింట్లు, చాంపియన్‌కి 100. మొదటి ఏడాది నార్త్ కరోలినా గెలిచింది, తర్వాత 2018-19 దాకా వరుసగా 25 సార్లు స్టాన్‌ఫర్డ్, ఆ తర్వాత మీ అబ్బాయి చదివే టెక్సాస్ 2025 నాటికి నాలుగు సార్లు. కానీ ఇది స్కూళ్లకిచ్చే కప్పు, కాన్ఫరెన్స్‌కి కాదు. మీరు చేయాల్సిందల్లా ఒక్కో కాన్ఫరెన్స్‌లోని స్కూళ్ల పాయింట్లన్నీ కూడి స్కూళ్ల సంఖ్యతో భాగించడం. ఊరికే మొత్తం కూడితే 18 స్కూళ్లున్న బిగ్ టెన్‌కి 16 ఉన్న ఎస్‌ఈసీ మీద లాభం వచ్చేస్తుంది, అది న్యాయం కాదు. సగటుతో పాటు సరిగ్గా మధ్యలో ఉన్న స్కూల్ ర్యాంక్ ఎంతో కూడా చూడండి.

పాత టైటిళ్లు మాత్రం కలపొద్దండి. టెక్సాస్, ఓక్లహోమా ఎస్‌ఈసీలోకి వచ్చిందే 2024 జులైలో. ఓక్లహోమా సాఫ్ట్‌బాల్ అమ్మాయిలు 2021 నుంచి 2024 దాకా వరుసగా కొట్టిన నాలుగు టైటిళ్లూ బిగ్ 12లో ఉన్నప్పటివి. అటు 2024లో బిగ్ టెన్‌లో చేరిన యూసీఎల్‌ఏకి (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) మగవాళ్ల బాస్కెట్‌బాల్‌లో 11 టైటిళ్లున్నాయి, పది జాన్ వుడెన్ కోచ్‌గా ఉన్న రోజుల్లోవి, వాటిలో ఒక్కటి కూడా బిగ్ టెన్ సంపాదించింది కాదు. ఆ ఏడాది ఏ గుంపులో ఆడితే ఆ గుంపుకే రాయాలి.

నా అభిప్రాయం అడిగితే, జనం ఎగబడి చూసే ఆటల్లో, అంటే ఫుట్‌బాల్, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, బాస్కెట్‌బాల్ కలిపి చూస్తే ఎస్‌ఈసీ. ఎన్ని రకాల ఆటలు ఎంత బాగా ఆడుతున్నారు అని చూస్తే మటుకు బిగ్ టెన్, 2024లో కాలిఫోర్నియా స్కూళ్లు వచ్చి చేరాక మరీను. మీరు "అన్ని ఆటలూ" అని అడిగారు కాబట్టి నా ఓటు ఆ అమ్మాయికే.

ప్రశ్న: పాక్-12ని "కాన్ఫరెన్స్ ఆఫ్ చాంపియన్స్" అనేవాళ్లు కదా, అంత బలమైనది ఎందుకు చెదిరిపోయింది?
- ఒక పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: ఈ ప్రశ్న వింటేనే బాధేస్తుందండి. పశ్చిమ అమెరికాలోని ఆ పన్నెండు స్కూళ్లు కలిపి 500కి పైగా ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే జాతీయ సంస్థ) టైటిళ్లు గెలిచాయి, ఈత, టెన్నిస్, వాటర్ పోలో, వాలీబాల్, ట్రాక్, దేంట్లో చూసినా వాళ్లే. అన్ని ఆటల బలమే కొలమానం అయితే దానికి సాటి వచ్చేది లేదు. కానీ టీవీ కంపెనీలు ఎక్కువ డబ్బు ఇచ్చేది ఫుట్‌బాల్‌కి, అందులో పాక్-12 స్కూల్ చివరిసారి జాతీయ టైటిల్ కొట్టింది 2004 సీజన్లో, యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ), అది కూడా తర్వాత రద్దు చేశారు. 2012లో మొదలుపెట్టిన సొంత చానల్ డైరెక్‌టీవీ అనే పెద్ద శాటిలైట్ టీవీలో ఎప్పటికీ రాలేదు. 2022 జూన్‌లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తామన్నాయి, మరుసటి ఏడాది జులైలో కొలరాడో, ఆగస్టు 4న ఒక్కరోజే ఒరెగాన్, వాషింగ్టన్, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా వెళ్లిపోయాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి, సాకర్ ఆడే పిల్లలు మ్యాచ్ కోసం బోస్టన్‌కో మయామీకో విమానమెక్కాలి, వాళ్లకి క్లాసులుంటాయి, పరీక్షలుంటాయి. ఫుట్‌బాల్ వాళ్లు సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లు ఆడతారు, మిగతా ఆటల పిల్లలు అంతకంటే ఎన్నో ఎక్కువ ఆడాలి, భారం వాళ్ల మీదే పడింది. నాకు ఇది తప్పనే అనిపిస్తుంది, ఫుట్‌బాల్‌ని విడిగా పెట్టుకుని మిగతా ఆటలకి దగ్గరి ఊళ్లతోనే లీగ్ ఉంచి ఉండాల్సింది.

ప్రశ్న: టెన్నిస్ కుర్రాడు నిశేష్ బసవరెడ్డి కాలేజీలో ఏ కాన్ఫరెన్స్‌కి ఆడాడు?
- ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: స్టాన్‌ఫర్డ్‌కి ఆడాడు, 2023, 2024 టీమ్ సీజన్లు రెండూ పాక్-12లోనే. అతని అమ్మానాన్నలది మీ నెల్లూరే. 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు, 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్లో జొకోవిచ్ మీద మొదటి సెట్ 6-4తో గెలిచి, తర్వాత మూడు సెట్లు పోగొట్టుకున్నాడు. టెన్నిస్‌లో బలమైన కాలేజీ చూస్తున్నట్టయితే కాన్ఫరెన్స్ పేరు చూసి ఆగిపోకండి, కోచ్ ఎవరు, ఏడాదిలో ఎన్ని మంచి మ్యాచ్‌లు దొరుకుతాయి, స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారు, ఈ మూడూ రాసి అడగండి.