బుజ్జికి, పాత కట్టడాల ఫొటోల గురించి

చిరంజీవి బుజ్జికి,

ఉద్యోగానికి సెలవు పెట్టి హైదరాబాదు పాత కట్టడాల ఫొటోలు తీస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. దీనికి మీ పిచ్చే అంటుకుందని నన్నూ మీ మామయ్యనూ కలిపి తిట్టాడు. పోయిన మనిషిని కూడా వదలడు మా తమ్ముడు. నాకు లోపల గర్వంగానే ఉంది కానీ, వాడితో మాత్రం "నేను చెబుతాలే" అన్నాను. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

కెమెరా సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొద్దున్నే బయల్దేరు, నీళ్ళు పెట్టుకో. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖవి, అక్కడ స్టాండు వేయాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి. డ్రోన్ మాట ఎత్తకు. హైకోర్టు దగ్గర పోలీసులు వద్దంటే వాదించకుండా వచ్చేయ్.

ఎండ ఎటు పడుతుందో తెలుసుకుని వెళ్తే సగం తిరుగుడు తప్పుతుంది. చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉంటాయి. పొద్దున సర్దార్ మహల్ వైపు, సాయంత్రం లాడ్ బజార్ వైపు ఎండ పడుతుంది. అందరూ గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి తీసే ఉత్తరపు ముఖం చలికాలమంతా నీడలోనే ఉంటుంది. నయాపూల్ మీద పడమటికి తిరిగి నిలబడితే నీ ఎడమ పక్క హైకోర్టు, కుడి పక్క ఉస్మానియా ఆసుపత్రి. 1908 వరద తర్వాత మూసీ ఒడ్డు రూపం మార్చిన కట్టడాలవి, రెండింటికీ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్. ఆసుపత్రి ముఖం దక్షిణానికి కాబట్టి డిసెంబరులో రోజంతా వెలుగే. హైకోర్టు ముఖం ఉత్తరానికి, దానికి ఎండాకాలం పొద్దున్నే వెళ్ళాలి.

ఇక నా భయం. పాత దేవిడీల, అంటే నవాబుల కాలం నాటి భవంతుల మిద్దెలు ఎక్కకు. ఎక్కకు అంటే ఎక్కకు. డంగు సున్నం, టేకు దూలాల మీద నిలిచిన కప్పులవి. దూలం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల చెదలు తినేసి ఉంటాయి. గోడలో రావిమొక్క మొలిచిందంటే దాని వేరు సున్నాన్ని ఎప్పుడో చీల్చేసిందన్నమాట. అంతెందుకు, 2019 మేలో చార్మినార్ మినార్ నుంచే గచ్చు పెచ్చు ఊడి కిందపడింది. ఇంకొకటి, బిల్డింగు మొత్తం ఫ్రేములో పట్టించాలని రోడ్డు మీద వెనక్కి వెనక్కి నడవకు. పత్తర్‌గట్టీలో మీ మామయ్య అలా నడుస్తుంటే నేను చొక్కా పట్టుకు లాగిన సందర్భాలున్నాయి. ఆటోవాడు తిట్టేది కూడా నన్నే.

ఆయన మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెబుతాను. ఆదివారం వస్తే చాలు, స్కూటరు తీసి పాతబస్తీకి పోయేవాడు. ఫిల్ము రోలు ఖరీదు, ఒక్క ఫొటో కూడా వృథా కాకూడదు. కరెంటు తీగలు, సైకిళ్ళు, షాపు బోర్డులు, ఎండేసిన బట్టలు ఏవీ రాకుండా కమానో కిటికీ జాలీయో మాత్రమే వచ్చేలా దగ్గరగా తీసేవాడు. మనిషి అడ్డొస్తే పోయేదాకా ఎదురుచూసేవాడు. ఎంత బాగుండేవో! కడిగించి తెచ్చాక నాకు చూపించి, ఇది ఎక్కడో చెప్పుకో అనేవాడు. "వెనకాల రాసిపెట్టండి" అంటే వినేవాడు కాదు. "నేను తీసింది నాకు గుర్తుండదా?" అనేవాడు. గుర్తుండేది కూడా. ఏ గల్లీ, ఏ ఇల్లు, లోపల టీ ఇచ్చిందెవరు, అన్నీ చెప్పేవాడు. అట్టపెట్టెల్లో అన్నీ కలిపి పడేసి, ఆ గుర్తంతా తనతోపాటే తీసుకుపోయాడు.

ఇప్పుడు నేను వాటిని పరుచుకుని కూర్చుంటే, ఇది షాలిబండదా, హుస్సేనీ ఆలందా చెప్పలేను. ఎన్ని కమాన్లున్నాయే ఆ ఊళ్ళో! ఒక్కదాన్ని మాత్రం పోల్చుకోగలిగాను. అందులో పొరపాటున పక్క దర్జీ షాపు బోర్డు అంచు పడింది. సగం ఉర్దూ అక్షరాలు. పక్కింటావిడ చదివి పెట్టింది, అక్కడా ఇక్కడా అడిగి ఆ గల్లీ పట్టుకున్నాను. దేవిడీ లేదు, కింద పార్కింగుతో అపార్టుమెంటు ఉంది. కానీ దర్జీ కొడుకు ఉన్నాడు. ఫొటో చేతిలో పెట్టగానే ఆ కమాను కింద ఎవరుండేవారో, ఎప్పుడు అమ్ముకున్నారో గంటసేపు చెప్పాడు. ఆ బోర్డు ముక్క పడిందని చూసుకుని మీ మామయ్య ఆరోజు ఎంత విసుక్కున్నాడో!

కాబట్టి నీ ఇష్టం వచ్చినంత అందంగా తీసుకో, కానీ ప్రతి కట్టడానికీ ఒక ఫొటో తీగలతో, బోర్డులతో, ఎదురింటితో సహా తీయి. తేదీ, గల్లీ పేరు, ఎటువైపు నిలబడ్డావో, ఎవరేం చెప్పారో ఆ రాత్రే రాయి. ఫోనులో లొకేషన్ పడుతుందిలే అంటావు. పడుతుంది. కానీ అది ఎవరిల్లో లొకేషన్ చెప్పదుగా. నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ ఫొటోలు చూడు, చాలావాటి మీద నెంబరు, పేరు కనిపిస్తాయి.

ఎవరింటి ముందైనా ముందు మనిషిని పలకరించు, కెమెరా తర్వాత. రోడ్డు వెడల్పుకో, ఆస్తి గొడవకో వచ్చావనుకుని జనం భయపడతారు, అది తప్పుకాదు. దారుల్‌షిఫా వైపు మెట్రో కోసం 2025లోనే కూలగొట్టడం మొదలుపెట్టారు, అందుకని మొదట అక్కడికి పో. చార్మినార్‌ని ఇప్పటికే లక్షమంది తీశారు, అది ఆగుతుంది. గుమ్మటాలు లేవని ఎవరూ తిరిగి చూడని సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా తీయాలి. 1901లో మొదలైన తెలుగు గ్రంథాలయం అది. అక్కడికి నేనూ వస్తాను, మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం.

హోటల్ గీటల్ అనకు, మా ఇంట్లోనే దిగాలి. వచ్చేటప్పుడు స్కానర్ తీసుకురా, పెట్టెలు నాలుగున్నాయి. రైలు టికెట్ తీసుకోగానే నెంబరు పంపించు, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
అత్త