మానేసి ముప్పై ఏళ్లయింది, రాతినార దుమ్ము ఇప్పుడెలా బయటపడుతుంది?

ప్రశ్న: మా నాయనకు 68 ఏళ్లు. వయసులో ఉండగా పులివెందుల దగ్గర రాతినార (ఆస్బెస్టాస్) గనిలో పనిచేశాడు. రెండేళ్లుగా పొడి దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో మచ్చలున్నాయని ఒకచోట ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. గుణం కనపడలేదు. గని మానేసి ముప్పై ఏళ్లు దాటింది కదా, ఆ దుమ్ము వల్ల ఇప్పుడు జబ్బు వస్తుందా? బయాప్సీ అంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ఇన్నేళ్లకు బయటపడడమే ఈ జబ్బు తీరు. పీల్చిన నార పోగులు ఊపిరితిత్తుల్లో కరగవు. వాటి చుట్టూ కండ మెల్లగా గట్టిపడుతుంది. ఆయాసం తెలిసేసరికి 20, 30 ఏళ్లు గడుస్తాయి. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటాం. మీ నాన్నగారిది అదేనని ఉత్తరం చూసి చెప్పలేను గానీ, తప్పకుండా వెతకాల్సిందే.

కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనపడిందా? మీరు రాయలేదు. పాత ఫైలంతా తీసుకుని ఛాతీ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ముందు గని సంగతి చెప్పండి: ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చేశారు, రాయి కొట్టారా, నార విడదీశారా, బస్తాలకెత్తారా. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు ‘సేద్యం’ అని ఊరుకుంటారు. పాత పని గుచ్చి గుచ్చి అడిగితేగానీ బయటికి రాదు. అది తెలియకపోతే ఈ జబ్బు ఎవరికీ తట్టదు.

ఈ జబ్బున్నవాళ్లకు వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెడితే, ఊపిరి పీల్చినప్పుడు చెప్పుల వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చప్పుడొస్తుంది. కొందరికి వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు వంపు తిరుగుతాయి. తొలిదశ ఎక్స్‌రేకు అందకపోవచ్చు, ఊపిరితిత్తుల్ని సన్న పొరలుగా చూపించే సీటీ స్కాన్, అంటే హెచ్‌ఆర్‌సీటీ కావాలి. బోర్లా పడుకోబెట్టి కూడా తీయమనండి. వెల్లకిలా పడుకుంటే వెనక భాగం సహజంగానే కాస్త మసగ్గా కనపడి, జబ్బేమో అనిపిస్తుంది. ఛాతీ లోపలి పొర మీద సున్నం పట్టిన మచ్చలు కనిపిస్తే రాతినార పీల్చారనడానికి గట్టి ఆధారం. అవి క్యాన్సర్ కావు, భయపడకండి.

గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షతో ఆగకుండా డీఎల్‌సీవో కూడా చేయించండి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా దాటుతోందో అందులో తెలుస్తుంది. పని వివరాలు, స్కాన్, ఈ పరీక్షలు ఒకదానికొకటి సరిపోతే చాలామందికి బయాప్సీ అక్కర్లేదు. గడ్డ ఉన్నా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా ముక్క తీయాల్సి రావచ్చు.

గట్టిపడిన భాగాన్ని తిరిగి మామూలు చేసే మందు లేదు. బీడీ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి. ఈ దుమ్ముకు పొగ తోడైతే క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. జబ్బు తేలితే రిపోర్టులో గని పని పేరు రాయించండి. ఆస్బెస్టోసిస్‌ను వృత్తి వ్యాధిగా చట్టం గుర్తించింది. పాత జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు ఏవున్నా పారేయకండి, పరిహారం అడగడానికి పనికొస్తాయి.

ఆ దుమ్ము బట్టలు ఇంట్లో ఉతికింది మీ అమ్మగారే అయితే, ఆమెనూ వెంట తీసుకెళ్లండి. ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే ఈ సంగతి చెప్పి ఆమెకూ ఎక్స్‌రే తీయించండి.