హుస్సేన్ సాగర్‌లో చెత్త తీస్తూనే ఉన్నా ప్లాస్టిక్ ఎందుకు తగ్గడం లేదు?

సాగర్‌లో తేలే ప్లాస్టిక్ అంతా గట్టు మీద పడేసింది కాదు, చాలావరకు నాలాల్లో కొట్టుకొచ్చిందే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఇందులోకే వస్తాయి. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, కాలనీల్లో నాలా పక్కన పారేసిందంతా ఇక్కడికి చేరుతుంది. పడవలతో సాగరంతా తిరిగి ఏరడం కన్నా నాలా కలిసే చోట ఆపడం తేలిక, ఖర్చూ తక్కువ.

నీటిపై తేలే అడ్డు (బూమ్ అంటారు) ఏటవాలుగా కడితే ప్రవాహమే చెత్తను ఒక పక్కకు నెడుతుంది. క్యారీబ్యాగులు, మూత బిగించిన బాటిళ్లు చిక్కుతాయి. మూత లేని వాటర్ బాటిల్‌లో నీళ్లు నిండితే మునిగిపోతుంది, ఆ ప్లాస్టిక్ నీటికన్నా బరువు మరి. పోగైనది ఎప్పటికప్పుడు ఎత్తకపోతే బూమ్ కట్టీ దండగే.

అసలు చిక్కు షాంపూ, చిప్స్ ప్యాకెట్లతో. ఖాళీ బాటిళ్లను చెత్త ఏరుకునేవాళ్లు వదలరు, పాత సామాన్ల కొట్లో డబ్బులొస్తాయి. చిప్స్ ప్యాకెట్ చింపి చూడండి, లోపల వెండిలా మెరిసే పొర బయటి పొరకు అతుక్కుని ఉంటుంది. విడదీయలేం, కాబట్టి కొనేవాడుండడు. 2022 జులై 1 నుంచి నిషేధించిన స్ట్రాలు, స్పూన్ల జాబితాలో ఇవి లేవు. వీటిని తిరిగి సేకరించే బాధ్యత కంపెనీలదేనని రూల్స్ చెబుతున్నాయి. నన్నడిగితే, బూమ్‌ల కన్నా ముందు గట్టిగా పట్టుకోవాల్సింది అక్కడే.