నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాను

తమ్ముడూ,

లినక్స్‌లో లాజికల్ వాల్యూమ్‌ను, అంటే ఎల్‌వీఎం అనే సాధనం డిస్కుల్లోంచి కేటాయించే భాగాన్ని, కుదించడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, చదివించింది. పొగడ్త ఇంతటితో సరిపెట్టుకో, ఎందుకంటే నాలుగో మెట్టు దగ్గర నాకు ఒళ్ళు మండింది.

లోపల ఫైళ్ళను సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్‌ను ముట్టకుండా, బయటి వాల్యూమ్‌ను మాత్రమే తగ్గించే ఎల్‌వీరెడ్యూస్ ఆదేశం అక్కడ ఇచ్చావు. దాని కింద చిన్న అక్షరాల్లో "గమనిక: దీనికి ముందే ఫైల్‌సిస్టమ్‌ను తగ్గించి ఉండాలి" అన్నావు. నీ పాఠకుడు ఎవరనుకున్నావు? అర్ధరాత్రి డిస్కు నిండిపోయి, పై ఆఫీసరు ఫోన్లో అరుస్తుంటే నీ వ్యాసం తెరిచేవాడు. వాడు చదవడు, వెతుక్కుంటాడు. ఆదేశం కనబడగానే కాపీ చేసి టెర్మినల్లో పడేస్తాడు. డేటా పోవచ్చు, నిజంగా తగ్గించమంటావా అని పాత వెర్షన్ల ఎల్‌వీఎం అయితే అడుగుతుంది. 'వై' నొక్కుతాడు. నీ గమనిక వాడి కంటబడేసరికి పని అయిపోయి ఉంటుంది.

విడివిడిగా చూస్తే నీ వాక్యాల్లో ఒక్క తప్పూ లేదు, అదే నా బాధ. వరస తప్పు. ఇలాంటి రాతలో వాక్యాలు ఏ వరసలో ఉంటే పాఠకుడి చేతులు ఆ వరసలోనే కదులుతాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ఒక్క మాట కోసమే అందరితో తగువు పడుతున్నాను, ఇప్పుడు నీ వంతు వచ్చింది.

20 జీబీ వాల్యూమ్ మీద ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ ఉందనుకో. 4 కేబీ బ్లాకుల లెక్కన, నా దగ్గర 52,42,880 బ్లాకులున్నాయని దాని సూపర్‌బ్లాకులో, అంటే తన లెక్కలు దాచుకునే చోట, రాసి ఉంటుంది. ఫైల్‌సిస్టమ్‌తో మాటైనా చెప్పకుండా వాల్యూమ్‌ను 10 జీబీకి కోస్తే కింద మిగిలేది 26,21,440. లోపల మనుషులు పడుకుని ఉండగానే గోడను ముందుకు జరిపినట్టు. తర్వాత మౌంట్ చేయబోతే, అంటే వాడకానికి తగిలించబోతే, బ్లాకుల లెక్క డివైస్ సైజును దాటిపోయిందని కెర్నల్ మొరాయిస్తుంది. ఈ రెండు అంకెలూ నీ వ్యాసంలో పక్కపక్కన ఉండి ఉంటే గమనికే అక్కర్లేదు. పెంచేటప్పుడు ముందు బయటిది (వాల్యూమ్), తర్వాత లోపలిది (ఫైల్‌సిస్టమ్). తగ్గించేటప్పుడు ముందు లోపలిది.

ఎల్‌వీరెడ్యూస్‌కు ఆర్ ఆప్షన్ పెడితే రెండు పనులూ అదే చేసుకుంటుంది కదా, ఇంత వివరం ఎందుకని అడిగావు. వాడమనే నేనూ అంటాను. అది మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో తెలియడానికి ఈ వివరం.

ఇక నా కథ. కొత్తలో ఒక పత్రికకు ఇదే విషయం మీద రాశాను. ఆదేశంలో '-ఎల్ -10జీ' అని ఉండాలి, అంటే ఉన్నదాంట్లోంచి 10 జీబీ తగ్గించమని. ప్రూఫులు దిద్దినాయన రెండో గీతను అచ్చుతప్పు అనుకుని తీసేశాడు. '-ఎల్ 10జీ' అంటే మొత్తం 10 జీబీకి దించెయ్యమని! ఒక పాఠకుడు 200 జీబీ వాల్యూమ్ మీద, ఫైల్‌సిస్టమ్‌ను 190కి శుభ్రంగా తగ్గించుకుని మరీ, అచ్చులో ఉన్నది ఉన్నట్టు కొట్టాడు.

అదృష్టం, వెంటనే నాకు ఫోన్ చేశాడు. కొత్త వాల్యూమ్ ఏదీ సృష్టించొద్దు, ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే జోలికి అసలే పోవద్దు అన్నాను. సెట్టింగులుండే ఈటీసీలో ఎల్‌వీఎం డైరెక్టరీ కింద ఆర్కైవ్ అని ఒకటి ఉంటుంది. వాల్యూమ్ గ్రూపులో, అంటే వాల్యూములకు చోటిచ్చే డిస్కుల మూటలో, మార్పు చేసే ముందు ఎల్‌వీఎం పాత లెక్కను అక్కడ దాచుకుంటుంది, ఏ ఆదేశానికి ముందు దాచిందో కూడా ఆ ఫైలు మొదట్లోనే రాసుకుంటుంది. ఎల్‌వీరెడ్యూస్‌కు ముందుదాన్ని వెతికి పట్టుకుని వీజీసీఎఫ్‌జీరిస్టోర్ ఆదేశంతో వెనక్కి పెట్టాం. ఖాళీ అయిన ఎక్స్‌టెంట్లను (డిస్కు ముక్కలను) ఇంకెవరికీ కేటాయించలేదు కాబట్టి డేటా చెక్కుచెదరలేదు. కాన్ఫిగరేషన్లో, వదిలేసిన చోటును తుడిచెయ్యమని డిస్కుకు చెప్పే ఇష్యూ డిస్కార్డ్స్ ఆన్ చేసిన ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ వదులుకోవాల్సిందే.

సవరణ వెయ్యమంటే సంపాదకుడు మూడు సంచికల తర్వాత, చివరి పేజీలో, ఆవగింజంత అక్షరాల్లో వేశాడు. అందులోనూ గీత లేదు.

హెచ్చరికలన్నీ చివర ఒక డబ్బాలో పెట్టమని చెప్పిందీ ఆయనే. మొదట్లోనే భయపెడితే పాఠకులు పారిపోతారట. పారిపోనీ! ఇప్పటివాళ్ళకు 'ఐదు నిమిషాల్లో' అన్న పిచ్చి పట్టింది, నీ శీర్షికకూ అది అంటుకుంది. తీసెయ్. 100 జీబీ ఫైల్‌సిస్టమ్‌కు తనిఖీ చేసే ఈటూఎఫ్‌ఎస్‌సీకే నడిచి, సైజు మార్చే రీసైజ్‌టూఎఫ్‌ఎస్ డేటాను ముందుకు జరుపుకునేసరికి ఎంత సేపు పడుతుందో ఆ డిస్కుకే తెలియాలి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ సంగతి చివరి పేరాలో పెట్టావు. అది మొదటి వాక్యం కావాలి. 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 వచ్చిన దగ్గర్నుంచీ అందులో డిఫాల్ట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్సే, దాన్ని పెంచగలం గానీ ఇలా కుదించలేం. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌డంప్‌తో డేటాను బయటికి తీసి, చిన్న వాల్యూమ్ కట్టుకుని, తిరిగి పోసుకోవాలి. నీ పాఠకుడు సర్వీసులన్నీ ఆపి, అన్‌మౌంట్ చేసి, మూడు మెట్లు ఎక్కాక ఈ సంగతి తెలిస్తే నిన్నేమంటాడు? సిస్టమే ఉన్న రూట్ వాల్యూమ్ అయితే రెస్క్యూ మీడియాతో (విడి పెన్‌డ్రైవ్ లాంటిదానితో) బూట్ చేయాలన్న మాటా అక్కడే చెప్పు.

100 జీబీని 60 చేయాలంటే నేను నేరుగా 60కి పోను. బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూసి, అన్‌మౌంట్ చేసి, ఈటూఎఫ్‌ఎస్‌సీకే నడిపి, ఫైల్‌సిస్టమ్‌ను 55కి తెస్తాను. అప్పుడు వాల్యూమ్ 60కి. ఆపైన సైజు ఇవ్వకుండా రీసైజ్‌టూఎఫ్‌ఎస్ నడిపితే మిగిలిన ఐదూ అదే నింపుకుంటుంది. ఆ ఐదు జీబీలే నాకు కంటినిండా నిద్ర.

ఆదేశాల పేర్లు తెలుగులో ఎలా రాయాలి, పుస్తకంగా వేస్తే ఎవరైనా కొంటారా అని కూడా అడిగావు. వాటికి ఇప్పుడు ఓపిక లేదు.

తిరగరాసే ముందు 1 జీబీ ఫైలొకటి చేసి, డిస్కులా కనబడేట్టు లూప్ డివైస్‌గా తగిలించి, దాని మీద ఎల్‌వీఎం కట్టి, నీ వ్యాసంలోని ఆదేశాలను అక్షరం పొల్లుపోకుండా కొట్టి చూడు, సైజులు మాత్రం దానికి తగ్గట్టు మార్చుకో. తెర మీద వచ్చినదాన్ని వచ్చినట్టే వ్యాసంలో పెట్టు. పంపేటప్పుడు ఒక ప్రింటు తీసి, గీతలన్నీ వేలు పెట్టి లెక్కపెట్టు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య